కాలేజీ బీరువాలో మెట్ట ప్రాంతం

నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు డిగ్రీ చదివే పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లే. బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోయినట్టే, ఆ రోజుకు పక్కవాళ్ల నోట్సే గతి. క్యారియర్లు పంచుకోవడం, రికార్డులు కలిసి రాసుకోవడం, పరీక్ష ఫీజుకు సర్దుకోవడం, వీటిలోనే స్నేహాలు ముదురుతాయి. అలాంటి స్నేహితులు కలిసి చేయదగ్గ పని ఒకటి వాళ్ల కాలేజీలోనే ఉంది. పాత కాగితాలను సర్ది, జాబితా రాసి, ఎవరైనా అడిగితే తీసి చూపించగలిగేలా ఉంచడం. కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలు ఈ ఆర్కైవ్ పనిని విద్యార్థులకు జీతమిచ్చి మరీ చేయిస్తాయి.

చిన్న ఊరి కాలేజీలో అంత విలువైన కాగితాలేముంటాయని అనిపించవచ్చు. ఒక్క ఉదాహరణ చాలు. 2020-21లో మారిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేరింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో పిల్లలు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తారు, రోజూ లాగ్‌బుక్ రాస్తారు, చివర్లో రిపోర్టు ఇస్తారు. బోరు ఎన్ని అడుగులు వేస్తే నీళ్లు పడ్డాయి, ఏ వీధిలో ఎవరు పనికి వలస పోయారు, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉదయగిరి చెక్క గరిటెలకు ఇప్పుడు కర్ర ఎక్కడి నుంచి వస్తోంది... ఇవన్నీ అడిగి రాయడానికి అంతకన్నా మంచి అవకాశం లేదు. మార్కులు పడ్డాక ఆ రిపోర్టు అటకెక్కితే ఆ వేసవి శ్రమంతా వృథా. యాభై ఏళ్ల తర్వాత ఈ మెట్ట గురించి రాసేవాళ్లకు అంతకు మించిన ఆధారం దొరకదని నా నమ్మకం.

ఇలా ఊళ్లు తిరిగి రాసిపెట్టే అలవాటు ఈ నేలకు కొత్త కాదు. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా 1905లో అచ్చు వేయించారు. అందులో శాసనాలు తాలూకాల వారీగా ఉంటాయి. ఆత్మకూరు ఒక భాగం, ఉదయగిరి ఒక భాగం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి కోట గురించి రాసే చరిత్రకారులు నేటికీ ఆ పుటలు తిరగేస్తారు. ఊరూరా తిరిగి రాళ్ల మీది అక్షరాలను ఎత్తి రాసుకున్నవాళ్లు ఉండబట్టే అది సాధ్యమైంది.

అంతకు వందేళ్ల ముందే, ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య ఇరవయ్యేళ్లు నిండీ నిండని వయసులో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర కొలువుకు కుదిరాడు. శాసనాలు చదవడం, స్థానిక చరిత్రలు సేకరించడం ఆయన పని. 1803లో, ముప్పై రాకముందే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. నేడు మనం కైఫీయతులని చదువుకునే ఊళ్ల చరిత్రలు ఆ కృషి ఫలితమే. వయసు చూస్తే అన్నదమ్ములిద్దరూ మన డిగ్రీ పిల్లల్లాంటివాళ్లే.

ఇక పని తీరు. కాగితాలను మనకు నచ్చినట్టు విషయాల వారీగా కలిపేయకూడదు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు కట్ట ఏ వరుసలో దొరికితే ఆ వరుసలోనే ఉంచాలి, ఎందుకంటే ఏ కాగితం తర్వాత ఏది వచ్చిందో ఆ వరుసే చెబుతుంది. తుప్పుపట్టిన గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేసి నూలు టేపుతో వదులుగా కట్టాలి. చిరిగినచోట సెల్లోటేపు అసలు వద్దు, ఏళ్లు గడిచాక దాని జిగురు పసుపెక్కి కాగితాన్నే తినేస్తుంది. నంబరు పెన్సిల్‌తోనే వేయాలి. ఫోనుతో ఫొటో తీసినా ఫైలు పేరులో ఊరు, ఏడాది, జాబితా నంబరు ఉండాలి, లేదంటే వెయ్యి ఫొటోల్లో కావలసింది దొరకదు.

ఇది ఒంటరిగా చేసే పని కాదు. పాత చేతిరాతను ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాసుకోవాలి, తర్వాత చోటు మార్చుకుని సరిచూడాలి. ఇంటి నుంచి ఎవరైనా పాత దస్తావేజు తెచ్చారనుకోండి. అందులో ‘ఫసలీ 1350’ అని ఉంటే 590 కలపాలి, అంటే 1940 జూలైతో మొదలైన ఏడాది. ఇంటి స్థలం ‘అంకణాల్లో’ ఉంటే నెల్లూరు లెక్కన అంకణం 72 చదరపు అడుగులు. అరసున్న దగ్గర, అణాల లెక్క దగ్గర ఆగిపోతే ఇంట్లో తాతనో జేజినో అడగవచ్చు. అలా అడిగినప్పుడు ఆ కాగితంలో లేని సంగతులు కూడా బయటికొస్తాయి, వాటినీ తేదీ వేసి రాసుకోవాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. సర్వే కాగితాల్లో ఇంటి ఆదాయం, అప్పులు, జబ్బులు, కులం ఉంటాయి. మనల్ని నమ్మి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పిన మాటలవి. పేర్లున్న పుటలను విడిగా కట్టి తాళం వేయాలి, చదివేవాళ్లకు పేర్లు తీసేసిన ప్రతే ఇవ్వాలి. మార్కుల రిజిస్టర్లు, చిరునామాల సంగతీ అంతే. వాట్సాప్ గ్రూపులో సరదాకి కూడా పెట్టకూడదు.

మూడేళ్లకు పిల్లలు కాలేజీ దాటి వెళ్లిపోతారు. అందుకే జాబితాకు రెండు ప్రతులుండాలి, ఒకటి లైబ్రరీలో, ఒకటి ఆఫీసులో. ఏటా చివరి పరీక్షలకు ముందు మూడో ఏడాదివాళ్లు రెండో ఏడాదివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కట్టా విప్పి చూపించి తాళాలు అప్పగించాలి.