పెరట్లో పర్లాకిమిడి బండి

నౌపడ నుంచి గుణుపురం దాకా ఒకప్పుడు చిన్నబండి నడిచేది. దాని పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులే. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో నౌపడ, పర్లాకిమిడి మధ్య మొదలైన ఈ లైను 1931 నాటికి గుణుపురం చేరింది. టెక్కలి, పాతపట్నం ఇటు ఆంధ్రలో ఉంటే, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం అటు ఒడిశాలో ఉన్నాయి. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ దారి మధ్యలో సరిహద్దు పడింది. బండి మాత్రం ఆ గీతను రోజూ దాటుతూనే ఉంది. 2004లో బ్రాడ్‌గేజి పనుల కోసం చిన్నబండిని ఆపేశారు. ఇప్పుడు ఆ దారిన పెద్దబండి తిరుగుతోంది. ఈనాడు బడికి వెళ్తున్న పిల్లల్లో చిన్నబండిని చూసినవారు ఒక్కరూ లేరు.

ఆ బండిని మేము ఒక పెరట్లో మళ్లీ నడుపుతున్నాం. మేము ఏడుగురు మిత్రులం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవారొకరు, తాపీమేస్త్రీ ఒకరు, రేడియోలు, మిక్సీలు బాగుచేసేవారొకరు, వడ్రంగి ఒకరు, తెలుగు మాస్టారొకరు, కిరాణా కొట్టు నడిపేవారొకరు, పెరడు ఇచ్చిన ఇంటాయన ఒకరు. ఆదివారం వచ్చిందంటే బడిపిల్లలు కూడా చేరతారు. ఇది ఎలా నడుస్తుందో, వేరే ఊళ్లలోని తెలుగు బడులు దీన్ని ఎలా మొదలుపెట్టవచ్చో, మా ముందు ఇప్పుడున్న చిక్కేమిటో ఈ పేజీ పాఠకులకు చెప్పాలనుకున్నాం.

45 మిల్లీమీటర్ల లెక్క

తోటలో బొమ్మరైలు నడపడం జర్మనీ, బ్రిటన్ దేశాల్లో పాత సరదాయే. 1891లో మార్క్‌లిన్ అనే జర్మన్ కంపెనీ బొమ్మరైళ్ల పట్టాలకు కొలతలు ఖాయం చేసింది. 1968లో లేమన్ అనే మరో జర్మన్ కంపెనీ ఎండకూ వానకూ తట్టుకునే తోటరైలును అమ్మకానికి తెచ్చింది. దాని పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. అసలు బండిని 22.5 వంతులు తగ్గించి చేస్తారు. 45ను 22.5తో గుణిస్తే 1012 చిల్లర వస్తుంది. అంటే దాదాపు ఒక మీటరు. మన మీటరుగేజి అన్నమాట.

ఇక్కడే పిల్లలకు మంచి లెక్క దొరుకుతుంది. అదే 45 మిల్లీమీటర్ల పట్టా మీద మన చిన్నబండి నడవాలంటే 762ను 45తో భాగించాలి. దాదాపు 17 వస్తుంది. కాబట్టి మా ఇంజను అసలు ఇంజనులో పదిహేడో వంతు. బ్రాడ్‌గేజి బండి కావాలంటే 1676ను భాగించాలి, 37 వస్తుంది. పట్టా ఒకటే, దాని మీద పెట్టే బండి కొలత మారితే ఊరు మారిపోతుంది.

తమిళనాడు పిల్లలకు నీలగిరి కొండ రైలుంది, అది మీటరుగేజి. మైసూరు, బెంగళూరు మధ్య ఒకప్పుడు నడిచిందీ మీటరుగేజే. మహారాష్ట్రలో 1907 నుంచి ఉన్న నేరల్–మాథేరాన్ బండి రెండడుగుల గేజి. యానాంలో రైలు స్టేషనే లేదు కాబట్టి అక్కడి పిల్లలకు ఇంకా సులువు. వాళ్లు ఏ లైను వేసినా ఊరికి అదే మొదటిది.

నౌపడ, గుణుపురం మధ్య దూరం సుమారు 90 కిలోమీటర్లు. పదిహేడో వంతుకు తగ్గించినా అయిదు కిలోమీటర్లు దాటుతుంది. మాకున్నది మునగచెట్టు నుంచి బావి దాకా వంకరలు తిరిగే 42 మీటర్ల దారి. అందుకే అయిదు స్టేషన్లే ఉంచాం: నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం. ఏ స్టేషన్ ఉంచాలి, ఏది వదలాలి అన్నదాని మీద మా ఏడుగురికీ నెల రోజులు వాదన జరిగింది. ఎవరి అత్తవారి ఊరు వారికి ముఖ్యం కదా!

పట్టా వేసే పని

విదేశీ పట్టాలు కొనే స్తోమత మాకు లేదు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే అల్యూమినియం పట్టీలు తెచ్చాం. 10 మిల్లీమీటర్ల ఎత్తు, 3 మిల్లీమీటర్ల మందం. వడ్రంగి మిత్రుడు మిగిలిపోయిన టేకు ముక్కలకు గాట్లు పెట్టి స్లీపర్లు చేశాడు. పట్టీని నిలువుగా ఆ గాట్లలో బిగిస్తే రైలు పట్టా తయారు.

కిందనేల సరిగా లేకపోతే పైన ఎంత చేసినా వృథా. జానెడు లోతు కాలువ తవ్వి, ఇటుక ముక్కలు దిమ్మిసా చేసి, దాని మీద క్రషర్ బూడిద, పైన సన్న చిప్స్ పోశాం. నీళ్లు నిలవకుండా పక్కకు వాలు పెట్టాం. మట్టం చూడడానికి మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టమే చాలు. గొట్టం రెండు చివర్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. దాన్నిబట్టి ఎక్కుడు ఎంతో తెలిసిపోతుంది. 50 అడుగులకు ఒక అడుగు మించి ఎక్కుడు పెడితే చిన్న ఇంజను చక్రాలు జారతాయి. నీలగిరిలో కల్లార్, కూనూరు మధ్య ఎక్కుడు దాదాపు 12 అడుగులకు ఒక అడుగు ఉంటుంది. అందుకే అక్కడ పట్టాల నడుమ పళ్ల పట్టా వేసి, ఇంజను కింద పళ్ల చక్రం పెట్టారు.

ఇక ఎండ సంగతి. అల్యూమినియం మీటరుకు, ఒక్కో డిగ్రీ వేడికి 0.023 మిల్లీమీటరు పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలున్న పట్టా, మే నెల మధ్యాహ్నం 55 డిగ్రీలకు చేరిందనుకుందాం. తేడా 40 డిగ్రీలు. 42 మీటర్ల లైను మొత్తం మీద దాదాపు 39 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంత పెరుగుదలకు చోటు లేకపోతే పట్టా పాములా మెలిక తిరుగుతుంది. రెండేసి మీటర్ల ముక్కలు 21 వేసి, చలివేళ ముక్కకూ ముక్కకూ మధ్య 2 మిల్లీమీటర్ల సందు వదిలాం. వ్యాకోచం అన్న మాట పుస్తకంలో చదివిన పిల్లలు ఆ సందులో పోస్టుకార్డు ముక్క దూర్చి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూస్తారు. పొద్దున దూరిన కార్డు మధ్యాహ్నం దూరదు.

బండి, చెట్టు, వేగం

అల్యూమినియం మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది కరెంటును పోనివ్వదు. పైగా తడినేల. అందుకని పట్టాల్లో కరెంటు పెట్టలేదు. ఇంజను వెనక పెట్టెలో 1.2 వోల్టుల రీఛార్జి సెల్స్ పది ఉంటాయి, మొత్తం 12 వోల్టులు. రిమోట్‌తో నడుస్తుంది. ఇంజను ఒళ్లు పీవీసీ పైపు, డబ్బా రేకు.

చిన్నబండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే, పదిహేడో వంతు లెక్కన మా బండి సెకనుకు 41 సెంటీమీటర్లు పోవాలి. పది మీటర్లకు 24 లేదా 25 సెకన్లు పడుతుంది. అంతకంటే ముందే చేరితే డ్రైవరుకు గార్డు తాత చేత చీవాట్లు తప్పవు.

చెట్లకూ లెక్కుంది. అడుగెత్తు తులసి మా లైను పక్కన 17 అడుగుల చెట్టుతో సమానం. ఆకులు చిన్నవైతేనే చూపుకు నప్పుతుంది. అందుకని మరువం, దవనం కూడా నాటాం. గరిక మాత్రం నాటనక్కర్లేదు, అదే వస్తుంది. దాన్ని పీకడమే మా ఆదివారం ఆరు గంటల డ్యూటీ.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఉరుము వినబడితే బండి ఆగిపోవాలి, అందరూ ఇంట్లోకి పోవాలి. సొరంగంలో చెయ్యి పెట్టకూడదు, ముందు పెద్దవాళ్లు కర్రతో కదిపి చూస్తారు. పాములు, తేళ్లు తిరిగే నేల మాది. ఛార్జింగు పని పిల్లలది కాదు.

లైన్ క్లియర్ తెలుగులోనే

మాది ఒంటిలైను. రెండు బండ్లు ఎదురైతే తప్పుకోవడానికి పాతపట్నంలోనే చోటుంది. మరి గుద్దుకోకుండా ఎలా? రేడియో మిత్రుడు సెన్సార్లు పెట్టి ఫోనులో చూపిస్తానన్నాడు. గార్డుగారు ససేమిరా ఒప్పుకోలేదు. ‘‘ఫోను పెడితే పిల్లలు ఫోనును చూస్తారు. టోకెన్ పెడితే ఒకరినొకరు పిలుచుకుంటారు’’ అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. వెదురు కడియానికి కట్టిన చెక్కబిళ్లే మా టోకెన్. అది చేతిలో లేని డ్రైవరు స్టేషన్ దాటకూడదు.

అయిదు స్టేషన్లకు అయిదుగురు పిల్లలు మాస్టర్లు. ప్రతి స్టేషన్లో ఒక రిజిస్టరు. బండి నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ, ఆలస్యమైతే కారణం. స్టేషన్ పేర్లు తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ రాశాం. రిజిస్టరు మాత్రం తెలుగులో రాయాలి. ఈ నియమం తెలుగు మాస్టారిది.

మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వీధిలో, బడిలో ఒడియా. తెలుగు చదవడం రోజుకు ఒక్క పీరియడు, రాయడం పరీక్షలప్పుడు. ఉత్తరాలు రాసే రోజులు పోయాయి. వాళ్లకు తెలుగులో ఒక వాక్యం రాయాల్సిన అవసరం బడి బయట ఎక్కడా తగలదు. రిజిస్టరులో తగులుతుంది. ‘టెక్కలి దగ్గర పట్టా మీద ఉడుత, 2 నిమిషాలు.’ ‘వేపపుల్ల అడ్డం, 3 నిమిషాలు.’ ‘డ్రైవరు జామకాయకి పోయాడు, 6 నిమిషాలు.’

ఒకసారి టెక్కలి మాస్టరుగా ఉన్న పాప కలం పట్టుకుని ఆగిపోయింది. ‘‘తాతా, ఆలస్యంలో యవత్తు ఎక్కడ పెట్టాలి?’’ అని అడిగింది. ‘‘ముందు బండి పంపమ్మా, వత్తు తర్వాత పెడుదువుగాని. లేకపోతే రెండు ఆలస్యాలు రాయాల్సొస్తుంది’’ అన్నారు గార్డుగారు. ఒడియా పిల్లలు కూడా ఆడుకోవడానికి వస్తారు. ‘ఆగు’, ‘పంపు’, ‘ఖాళీ’ అన్న మూడు మాటలు వాళ్లకిప్పుడు బాగా వచ్చు.

పెరడు ఇక ఉండదు

పెరడు ఇచ్చిన మిత్రుడి కొడుకులు అక్కడ ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నారు. అది వాళ్ల హక్కు, ఆయన మాకు ముందే చెప్పారు కూడా. దసరా తర్వాత పునాదులు తీస్తారు. ఆలోగా లైను ఎత్తేయాలి.

దగ్గర్లోని ఒక బడి ప్రహరీ పక్కన జాగా ఇస్తామంటోంది. ఆ బడిలో తెలుగు తీసుకునే పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. అయితే హెడ్‌మాస్టారు ఒక షరతు పెట్టారు. రైలును నడపడం, బాగుచేయడం పిల్లలే చేసుకోవాలి, మేము వారానికి ఒకసారి వచ్చి చూసిపోవచ్చు. షరతు న్యాయమైనదే. మా ఏడుగురిలో నలుగురికి అరవై దాటాయి. మాతోనే నడిచే బండి మాతోనే ఆగిపోతుంది.

బొమ్మరైలు వల్ల తెలుగు తరగతి నిలబడుతుందని మేము చెప్పడం లేదు. ఏ భాష తీసుకోవాలో తల్లిదండ్రులు పిల్లల ఉద్యోగాలను చూసి నిర్ణయిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఒక భాషకు మార్కులు తెచ్చే పని కాకుండా వేరే పని కూడా ఉందని పిల్లలు చూడాలి. మా రైలు ఇవ్వగలిగింది అంతే.

షరతుకు సిద్ధపడడానికి ఈ ఎండాకాలం నుంచే మేము అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాం. చెయ్యి పెట్టకుండా చూడడం గార్డుగారికి చాలా కష్టంగా ఉంది. మూడో ఆదివారం పర్లాకిమిడి దాటాక బండి పట్టా తప్పింది. పిల్లలు గుమిగూడారు, వాదులాడుకున్నారు, ఎవరో పోస్టుకార్డు తెచ్చారు. మాలో ఒక్కరమూ లేవలేదు. కాసేపటికి బండి కదిలింది. సాయంత్రం రిజిస్టరు తీసి చూశాం. ఏడో తరగతి పిల్ల రాసింది: ‘ఎండకి పట్టా పెరిగింది. సందు లేదు. ఒక ముక్క జరిపాం. 14 నిమిషాలు ఆలస్యం.’ యవత్తు సరిగ్గానే పెట్టింది.

మీ బడిలో మొదలుపెట్టాలనుకుంటే 42 మీటర్లు అక్కర్లేదు. పది మీటర్ల పట్టా, రెండు స్టేషన్లు, ఒక బండి, ఒక టోకెన్, రెండు రిజిస్టర్లు చాలు. ఊళ్లో రైల్వేలో చేసి రిటైరైన తెలుగువారు ఎవరో ఒకరు ఉంటారు, వెళ్లి అడగండి. మా పిల్లలు ఇప్పుడు 21 ముక్కల పట్టాకూ రంగుతో తెలుగు అంకెలు వేస్తున్నారు, కొత్త చోట అదే వరుసలో బిగించడానికి. దసరా సెలవుల్లో తరలింపు. ఇంకా తొమ్మిది ముక్కలకు అంకెలు వేయాల్సి ఉంది.