మేడమీద నేల కుంగుతోందా?

మేడమీద గదిలో మీరు నడుస్తుంటే బీరువా అద్దం గలగలమంటోందా? మూసిన తలుపు దానంతటదే తెరుచుకుంటోందా? అయితే బీరువాను తిట్టుకోకండి. ఓసారి కింది గదిలోకి వెళ్లి పైకి చూడండి.

మా అత్తగారిది పాతకాలపు మేడ. పై గది నేలంతా టేకు దూలాల మీద పరిచిన చెక్కలే. పాతవాళ్లు కట్టింది ఎక్కడికి పోతుందిలే అని బియ్యం బస్తాలు, ఇత్తడి గంగాళాలు అన్నీ అక్కడే చేర్చాను. ఒకరోజు మావాడి గోళీ ఎక్కడ వదిలినా గది మధ్యకే దొర్లింది. నా గుండె జారిపోయింది. సరిగ్గా ఆ కిందే మా అత్తయ్యగారి మంచం!

మావారేమో కింద చెక్క సీలింగు కొట్టిస్తే కనబడదుగా అన్నారు. కప్పేస్తే రోగం తగ్గుతుందా, మీరే చెప్పండి. పట్టుబట్టి వడ్రంగిని పిలిపించాను. అతను చూసినవి మీరూ చూడొచ్చు.

దూలం పక్కన, అడుగు అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి పట్టండి. మధ్యలో దూలం ఎంత కిందకు దిగిందో కొలిచి రాసుకోండి. దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. మెత్తగా దిగితే పుచ్చినట్టే. చెదల మట్టిదారులున్నాయేమో వెతకండి. తట్టితే డొల్లగా మోగినా అనుమానించాల్సిందే. చెక్కలో పగులు కనబడినా, ఫెళ్లుమని చప్పుడు వచ్చినా ఆ గదిలో ఎవరినీ ఉంచకండి.

మా ఇంట్లో దూలాలు బరువుకు వంగాయి. ఒకదాని కొస మాత్రం తడిసి పుచ్చింది. పైన స్నానాలగది కుళాయి కారి, నీళ్లు గోడలోకి ఇంకాయి. అందుకే ముందు కుళాయి, తర్వాతే దూలం. చెదలుంటే వాటికి మందు కొట్టించాకే కొత్త కలప తేవాలి. లేకపోతే దాన్నీ తినేస్తాయి.

సామాను దించి, అత్తయ్యగారి మంచం మార్చాం. గట్టి నేలమీద మందపాటి చెక్కలు వేసి, జాకీలతో దూలాలను లేపారు. రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే! తొందరపడితే గోడలు పగులుతాయట. తర్వాత ప్రతి దూలం పక్కనా అంత పొడవు కొత్త దూలం ఆనించి బోల్టులు బిగించారు. పుచ్చిన కొస కోసేశారు. గోడలో కొసల చుట్టూ గాలి ఆడేలా సందు వదిలారు. ఇది మనం సొంతంగా చేసే పని కాదు సుమా! ఇల్లంతా మోసే పెద్ద దూలమైతే ఇంజనీరుకు చూపించాల్సిందే.

ఏళ్లనాటి వంపు పూర్తిగా పోలేదు. గోళీ ఇప్పటికీ కాస్త దొర్లుతుంది. కానీ నేల కదలడం లేదు, బీరువా తలుపు తెరుచుకోవడం లేదు. అత్తయ్యగారు తన మంచం మీద నిశ్చింతగా నిద్రపోతున్నారు. బియ్యం బస్తాలు మాత్రం ఇక మేడెక్కలేదు!