కానరాని ద్రవ్యరాశి

రాత్రివేళ మనకు గోచరించు చుక్కలును, వాని నడుమనున్న వాయువును, ధూళియు అన్నియు గలిపినను విశ్వద్రవ్యమున సుమారు ఆరవవంతు మాత్రమేనని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు లెక్కగట్టియున్నారు. తక్కినది వెలుగు నీయదు, వెలుగును అడ్డగింపదు. దానికి కృష్ణపదార్థమని పేరు. పేరేగాని నిజమునకది నల్లనిదియు గాదు. నల్లనిదే యైనచో వెలుగున కడ్డుపడి జాడ తెలియవలసినది గదా!

1933లో జ్వికీ పండితుడు దీని ఉనికిని సూచించెను గాని లోకము అంతగా చెవినిడలేదు. లోకముచే నమ్మించినవారిలో ముఖ్యురాలు వీరా రూబిన్ అను అమెరికా వనిత. పాలొమార్ వేధశాలయందు పరిశీలన చేయుటకు అధికారికముగా అనుమతి పొందిన తొలి స్త్రీ ఈమెయే; అదియు 1965లో! ఈమె నలుగురు బిడ్డల తల్లి. ఆ నలుగురును శాస్త్ర గణితములయందు డాక్టరు పట్టములు గడించిరి. ఇల్లు చెడునను భయముచే ఆడుపిల్లల చదువు మాన్పించువారు ఈ సంగతి నొకపరి వినవలెను.

1970లో ఈమె కెంట్ ఫోర్డుతో గూడి, 25 లక్షల కాంతివత్సరముల దూరమందున్న ఆండ్రోమెడా నక్షత్రమండలపు భ్రమణవేగమును కొలిచి ప్రకటించెను. మన సూర్యకుటుంబమున దూరము హెచ్చినకొలది వేగము తగ్గును. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పరుగిడగా, నెప్ట్యూను 5 కిలోమీటర్లతో సరిపుచ్చుకొనును. ఆండ్రోమెడాలో అట్లుగాదు. వెలుపలి వాయుమేఘములును ఇంచుమించు లోపలివానితో సమముగానే తిరుగుచున్నవి. వానిని చెదరనీయక పట్టియుంచుటకు కనబడు చుక్కల బరువు చాలదు.

ఈ ద్రవ్యమెట్లు కూడినది? ఆదియందు దాదాపు సమముగా పరచుకొనియుండి, అందందు మాత్రము కొంచెము చిక్కనై యుండెను. చిక్కనితావు చుట్టుపట్లనున్నదానిని తనవైపు లాగుకొనెను. ముందు చిన్నముద్దలు, అవి కలిసి పెద్దవి. మజ్జిగపై తేలిన వెన్నపూసలు ఒండొంటి నంటుకొనుట మన మెరిగినదే. ఇచ్చట కవ్వము లేదు, ఆకర్షణశక్తియే పని నడపును. వాయువు వేడిని వెలార్చి చల్లబడి నడిమికి దిగి చుక్కలుగా మారును. కృష్ణపదార్థమునకు అట్లు చల్లబడు దారిలేదు. కావున అది చుట్టును విశాలముగా వ్యాపించి నిలిచినది.

2017లో గెంజెల్ పండితుడును తోడివారును వేయికోట్ల యేండ్లనాటి ఆరు మహామండలములను పరిశీలించి, వాని యంచులయందు వేగము తగ్గుచున్నదని తెలిపిరి. అనగా నాడు ఆ మండలముల లోపలిభాగమున కృష్ణపదార్థము స్వల్పమనియు, పిమ్మట హెచ్చినదనియు వారి మతము. పెక్కు మండలములను వేరొక లెక్కతో చూచిన మరికొందరు దీని నంగీకరింపలేదు. పురాణపఠనమున పెరిగిన మాకు ఈ పూర్వపక్ష సిద్ధాంతముల వాదము మిక్కిలి రుచించినది.

రూబిన్ 2016లో గతించెను. నోబెల్ బహుమానము ఆమెకు రాకపోవుట మాకు అన్యాయముగనే తోచుచున్నది. చిలీదేశమున ఆమె పేర వెలసిన వేధశాల 2025 జూనులో తొలి చిత్రములను ప్రకటించినది. పదియేండ్లు దక్షిణాకాశమును మరల మరల చిత్రించి, దూరపు మండలముల వెలుగు ఎచ్చట నెంత వంగినదో చూచి, కానరాని రాశి యెచ్చట నెంత గలదో లెక్కించుటయు దాని పనులలో నొకటి.