మూలము నుండి పనిముట్టు

పాతబస్తీలోని లాడ్‌బజారులో లక్క గాజులు రెండు విధములుగా దొరకును. తయారై పెట్టెలో నున్నవి కొనవచ్చును. లేదా లక్కను వేడిచేసి మన చేతి కొలతకు సరిచేసి ఇమ్మని పనివానిని అడుగవచ్చును. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి రెండు మార్గములు కలవు.

ప్రోగ్రామును మొదట మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయుదురు. దానిని సోర్సు కోడు అందురు. దానిని యంత్రపు సంకేతములుగా మార్చు పనిముట్టు కంపైలరు. పెక్కుమంది మార్చి సిద్ధము చేసినదానినే వాడుదురు. కొందరు మూలమునే తెచ్చుకొని, తమ యంత్రముపై తామే మార్చుకొందురు. మూలమును చదువుటకు, మార్చుటకు, పంచుటకు అందరికిని హక్కుండవలెనను ఆశయముతో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించెను; 1987లో గ్నూ కంపైలరు వెలువడినది. మన హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థ ఈ ఆశయమునే ప్రచారము చేయుచు, తెలుగులో పనిచేయు నిర్వహణ వ్యవస్థను రూపొందించినది.

పని సాధారణముగా మూడు ఆజ్ఞలతో ముగియును. 'కాన్ఫిగర్' అనునది యంత్రములో కావలసినవి ఉన్నవో లేవో పరీక్షించును. క్రొత్తవారు ఇచ్చటనే దిగులుపడి విడిచిపెట్టుదురు. తెరపై కనబడు చివరి పంక్తులను నిదానముగా చదివినచో, లోపించినదాని పేరు తరచుగా అందే యుండును. 'మేక్' అనునది కట్టుబడి పని. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన ఈ సాధనము మారిన భాగములను, వానిపై ఆధారపడినవానిని మాత్రమే తిరిగి కట్టును. 'మేక్ ఇన్‌స్టాల్' ఫలితమును తగిన చోట చేర్చును.

కంపైలరునే కట్టవలెనన్న నేమి చేయవలెను? అందులకు మరియొక కంపైలరు వలయును! గ్నూ కంపైలరును పాతదానితో ఒకమారు, అట్లు పుట్టినదానితో రెండవమారు, ఆ రెండవదానితో మూడవమారు కట్టుదురు. చివరి రెండును సరిపోలవలెను. సరిపోలనిచో ఎచ్చటనో దోషమున్నదని అర్థము. పాత యంత్రములపై దీనికి గంటలు పట్టును.

అయినను మూలము నుండి కట్టినంతనే నిశ్చింతగా నుండరాదు. ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనములో దొంగవాకిలి దాగియున్నదని 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు కనిపెట్టెను. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను అధికముగా పట్టుటయే ఆయనకు అనుమానము కలిగించినది. ఆ దొంగవాకిలిని తెరచు పంక్తులు అందరు చూచు బహిరంగ భాండాగారములో లేవు. కట్టుకొనుటకై పంచిన మూటలో మాత్రమే ఉన్నవి. కావున మూట ఎచ్చటి నుండి వచ్చినదో, దానిపై రచయితల సంతకము సరియైనదో కాదో చూచుట అవసరము. ఎక్స్‌జెడ్ విషయములో ఆ సంతకము సయితము చాలలేదు. సంతకము చేసినవాడే ద్రోహి. మూటను బహిరంగ భాండాగారముతో పోల్చి చూచుట అంతకంటె మేలని మా అభిప్రాయము.

మొదటిసారి ప్రయత్నించువారు 'ప్రిఫిక్స్' అను సూచననిచ్చి తమ సొంత ఫోల్డరులోనే స్థాపించుకొందురు గాక. అట్లు చేసినచో ఇంటిలో అదే యంత్రమును వాడు తక్కినవారి పనికి భంగము రాదు. వలదనుకొన్న నాడు ఆ ఒక్క ఫోల్డరును తొలగించిన చాలును.