అంతర్వేదిలో మా ఊరి ఇసుక

సెలవులకు వచ్చిన మనుమరాలు నిన్న పొద్దున ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో గ్రీసు దేశపు సాంటోరినీ దీవి ఫొటో. కొండ అంచున సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, వాటి కింద నీలిమందు కలిపినట్టున్న సముద్రం. దాన్ని వేలితో పక్కకు జరిపి ఇంకో ఫొటో చూపించింది. నిరుడు నేనూ నా దోస్తూ అంతర్వేది ఒడ్డున లుంగీలు ఎగ్గట్టి నిలబడ్డది.

"తాతా, గా సముద్రం గంత నీలంగున్నది. మీరు పోయిన సముద్రమేమో చాయ్ లెక్కున్నది. ఎందుకట్ల?"

ఎంత మంచి ప్రశ్న వేసిందో దానికి తెలియదు. జవాబు మన మంచిర్యాల పక్కనుంచే పారుతోంది బిడ్డా అన్నాను. అప్పుడు చెప్పిన కబుర్లే ఇవి.

నేనూ ఆ దోస్తూ ముప్పై ఏళ్లు ఒకే బొగ్గుబాయిలో దిగినవాళ్లం. రోజూ భూమి లోపలికి పోయినవాళ్లమే తప్ప భూమి అంచు ఎలా ఉంటుందో ఇద్దరమూ చూడలేదు. "ధర్మపురి నరసింహస్వామిని ఏటా చూస్తనే ఉంటిమి. గోదారి సముద్రంల కలిసేకాడ సుత ఆ స్వామే ఉన్నడట, పోదాంరా" అన్నాడు వాడు. మాఘమాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో అంతర్వేదిలో కల్యాణం, తీర్థం. ఆ జనమంతా సర్దుకున్నాక బయలుదేరాం. మంచిర్యాలలో రైలెక్కి విజయవాడ, అక్కడ మారి నరసాపురం. నరసాపురం రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. అక్కణ్నుంచి ఆటో.

పంటు అంటే మనుషులనూ బండ్లనూ ఒక్కసారే దాటించే బల్లపరుపు పడవ. నది నడిమధ్యకు వచ్చాక మావాడు అంచున కూర్చుని చేయి ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"అరేయ్, గోదారి ఉప్పగైందిరా!"

పక్కన మోటారుసైకిల్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు నవ్వాడు. "పోటు మీదుందండి తాతగారూ. సముద్రం ఎదురొస్తందండి. పాటు మొదలైతే మళ్లీ సప్పబడిపోద్దండి" అన్నాడు.

పొంగే నీటిని ఆ దిక్కున పోటు అంటారు, తీసే నీటిని పాటు అంటారు. చంద్రుడు, కొంతవరకు సూర్యుడు, లాగడం వల్ల సముద్రం రోజుకు దాదాపు రెండుసార్లు లేస్తుంది, రెండుసార్లు దిగుతుంది. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ వచ్చిన వేళకు రేపు రాదు, 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే గీత మీద లాగుతారు కాబట్టి మన తీరంలో ఆ తేడా మీటరు దాటుతుంది. గ్రీసు దీవుల దగ్గర చాలాచోట్ల జానెడు కూడా లేవదు. మధ్యధరా సముద్రానికి మహాసముద్రంతో ఉన్న వాకిలి జిబ్రాల్టర్ దగ్గర 14 కిలోమీటర్లే. అంత ఇరుకు సందులోంచి ఆరేడు గంటల్లో ఎంత నీరు లోపలికి పోగలదు, ఎంత బయటికి రాగలదు?

అంతర్వేదిలో మూడు రోజులున్నాం. చేసిన పనేమీ లేదు. పొద్దున్నే స్వామి దర్శనం, ఆ తర్వాత ఒడ్డు. మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ ఒడ్డు. బాయిపని చేసినవాళ్లకు గాలి విలువ తెలుసు. పన్నెండు దాటిందంటే సముద్రం మీదినుంచి చల్లగాలి మొదలయ్యేది. ఒకే ఎండ నీటి మీదా ఇసుక మీదా పడుతుంది. కానీ అంతే బరువున్న ఇసుక కంటే నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఐదింతల వేడి కావాలి. కాబట్టి నేల ముందు కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లటి గాలి దూరుతుంది. రాత్రి నేల ముందు చల్లారి గాలి తిరగబడుతుంది.

రెండో రోజు పొద్దున నదీ సముద్రమూ కలిసే చోటికి నడిచాం. అక్కడివాళ్లు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒక పక్క వశిష్ఠ గోదావరి, ఇంకో పక్క బంగాళాఖాతం. మావాడు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచిన నది అక్కడ ఆగిపోతుంది. మన ఎల్లంపల్లి, మంచిర్యాల దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను, ఆ కింద ఇంద్రావతిని, కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, పాపికొండలను చీల్చుకుని, ధవళేశ్వరం దిగువన పాయలై వచ్చిన గోదావరి అది.

"నీళ్లు సముద్రంల కలిసినయ్ సరే. మరి మన్నెటువోయిందిరా?" అన్నాడు.

అసలు విషయం అక్కడే ఉంది. మనుమరాలికి మాటల్లో చెప్పకుండా చేసి చూపించాను. మీరూ చేయండి. రెండు గాజు గ్లాసులు, రెంటిలోనూ చెంచాడు చొప్పున మెత్తటి నల్లరేగడి మన్ను, నిండా నీళ్లు. బాగా కలపాలి. ఒక గ్లాసులో మాత్రం చెంచాడు ఉప్పు వేసి మళ్లీ కలపాలి. ఇక ముట్టకుండా పక్కన పెట్టాలి. మనుమరాలు గోడ గడియారం కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఉప్పు గ్లాసులో బురద చిన్న చిన్న పీచుల్లా కూడుకుని కిందికి జారడం మొదలైంది. పైన నీరు తేటబడింది. రెండో గ్లాసు చాయ్‌లాగే ఉంది. సాయంత్రానికీ అలాగే ఉంది.

బంకమట్టి రేణువు కంటికి ఆనదు. ప్రతి రేణువు మీదా రుణ విద్యుత్తు అంటుకుని ఉంటుంది. ఒకే రకం విద్యుత్తున్నవి ఒకదాన్నొకటి దగ్గరికి రానియ్యవు కదా, అందుకే నదినీటిలో అవి దూరదూరంగా తేలుతూ వందల మైళ్లు ప్రయాణిస్తాయి. ఉప్పునీరు తగిలిందంటే ఉప్పులోని ధన విద్యుత్తున్న కణాలు వాటి చుట్టూ చేరి ఆ వైరాన్ని అణిచేస్తాయి. రేణువులు అతుక్కుంటాయి, బరువెక్కుతాయి, మునుగుతాయి. వానకాలంలో మా అమ్మ బిందెలో పటికముక్క తిప్పేది. అది చేసే పనీ ఇదే, ఇంకా గట్టిగా చేస్తుంది. నది ముఖద్వారంలో సముద్రమే పెద్ద పటికబిళ్ల. అక్కడ పడ్డ మన్ను మీద మన్ను పేరుకునే కోనసీమ అయింది. ఆ కొబ్బరితోటల కింద ఉన్నది మహారాష్ట్ర మన్ను, మన మన్ను, బస్తరు మన్ను.

2022 జులైలో వరద మంచిర్యాల కాలనీల్లోకి వచ్చినప్పుడు మా చుట్టాలింట్లో నీరు తీశాక గచ్చు మీద మిగిలిన ఒండ్రు నాకింకా గుర్తే. వేళ్ల మధ్య రుద్దితే పసుపు పొడి కంటే మెత్తగా ఉండింది. ఆ నెలలోనే భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. మన ఇళ్లలో మిగిలింది చారెడు. మిగతాదంతా కిందికి పోయింది.

ఇప్పుడు రంగు సంగతి. నీరు ఎండలోని ఎరుపును ముందు మింగేస్తుంది, నీలాన్ని ఆఖరికి మింగుతుంది. లోతైన నీటిలో ఏ నలుసూ లేకుంటే తిరిగి కంటికి చేరేది నీలమే. ఈజియన్ సముద్రపు దీవుల చుట్టూ పెద్ద నదులు లేవు, మన్ను రాదు. మన్నుతో వచ్చే ఎరువూ రాదు. ఎరువు లేనిచోట నీటిలో తేలే సూక్ష్మమైన ఆకుపచ్చ మొక్కలు పెరగవు. ఆ నీలం అందమైనదే. కానీ బిడ్డా, అది ఆకలితో ఉన్న నీటి రంగు. ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ, వచ్చి చేరే మంచినీరు తక్కువ కాబట్టి ఉప్పు కూడా ఎక్కువ. సగటు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే అక్కడ 39 దాకా ఉంటుంది. మన తీరంలో వరదల రోజుల్లో 30 కంటే కిందికి దిగుతుంది. మన సముద్రం చాయ్ రంగులో ఉన్నదంటే నది దానికి అన్నం పెడుతున్నదని అర్థం. ఆ ఎర్రనీరు తగిలినప్పుడే కదా పులస చేప గుడ్లు పెట్టడానికి సముద్రం విడిచి గోదావరి ఎక్కుతుంది!

మూడో రోజు సాయంత్రం ఇసుక మీద నల్లటి చారలు కనిపించాయి. బొగ్గుపొడి అనుకుని మావాడు చప్పున వంగాడు. బొగ్గు కాదు. అల ఒడ్డుకు తెచ్చిన ఇసుకలోంచి వెనక్కి పోతూ తేలిక గింజలను లాక్కుపోతుంది, బరువు గింజలను వదిలేస్తుంది. చాటలో చెరిగినట్టే. మెరిసే తెల్ల ఇసుక క్వార్ట్జ్, నీటికి 2.65 రెట్ల బరువు. నల్లదానిలో ఉండే మాగ్నటైట్ 5 రెట్లు దాటుతుంది. ఈ నల్లగింజల్లో కొన్ని దక్కను పీఠభూమి నల్లరాళ్లలోంచి వచ్చినవి. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద నేల పగిలి పొరలు పొరలుగా పారిన లావా చల్లారి ఆ రాయైంది. సాంటోరినీలో కూడా నల్ల ఇసుక ఒడ్డులున్నాయి. అవి అక్కడి అగ్నిపర్వతం పెట్టినవి. అక్కడ అగ్గి సముద్రంలోనే పుట్టింది. మనకు నది మోసుకొచ్చి ఇచ్చింది.

"మన దిక్కు సుత సముద్రముంటే ఎంత బాగుండురా" అన్నాడు వాడు, గుప్పిట్లోంచి ఇసుక జారవిడుస్తూ.

"ఉండె" అన్నాను. నమ్మలేదు. మంచిర్యాలలో సిమెంటు కోసం తవ్విన సున్నపురాయి ఎక్కణ్నుంచి వచ్చిందనుకున్నావు? సుమారు వంద కోట్ల ఏళ్ల కింద మన దగ్గర లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నమే ఆ రాయి. చేప లేదు, గవ్వ లేదు, గట్టు మీద గడ్డిపోచ కూడా లేదు. ఉన్నవల్లా కంటికి ఆనని జీవులు. ఊరి పేరు పెట్టుకున్న రాయి కూడా ఒకటుంది. మంచిర్యాల క్వార్ట్‌జైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు రాసుకుంటారు. అది పాతకాలపు ఇసుకే, గింజకు గింజ అతుక్కుని రాయైంది. మనం రోజూ నడిచే నేల కింద ఎవరూ నడవని ఇసుకతిన్నెలున్నాయి.

అది విని వాడు నవ్వుతాడనుకున్నాను. దిగులుపడ్డాడు. వాడు బాయిలో స్టోయింగ్‌లో పనిచేసినవాడు. బొగ్గు తీసిన చోట బోలు మిగిలితే పైకప్పు కూలుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల గుండా కిందికి పంపి ఆ బోలును నింపేవారు. నీరు వడిసిపోయి ఇసుక గట్టిపడేది. గొట్టం మీద అరచేయి పెట్టి లోపల ఇసుక పారుతున్నదో పట్టేస్తున్నదో చెప్పేవాడు వాడు. ఆ చేతిలోనే ఇప్పుడు అంతర్వేది ఇసుక ఉంది.

"మనం లోపలికి పంపిన ఇసుక ఇక్కడికి రావల్సిందే గద రా" అన్నాడు.

అవును, రావలసిందే. కానీ ఆ ఇసుక పైకప్పు కూలకుండా ఎందరి ప్రాణాలో కాపాడింది కూడా. నేను ఆ మాటే అన్నాను. ఇసుకను ఆపింది మనమొక్కరమే కాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాడు, డెల్టాకు బువ్వ దొరికింది. ఎగువన శ్రీరాంసాగర్ వచ్చింది. మన పక్కన 20 టీఎంసీల ఎల్లంపల్లి వచ్చింది, ఆ నీళ్లు హైదరాబాదు దాకా తాగడానికి పోతున్నాయి. అవసరం లేదని ఎవరనగలరు? కానీ జలాశయంలో నీరు నిలబడగానే ముందు కిందపడేది ఇసుక, ఆ తర్వాత ఒండ్రు. గేట్లు ఎత్తినా అడుగున పడ్డదంతా బయటికి పోదు. ఇక లారీలు తోడుకుపోయేది వేరే లెక్క. ఇసుక రాకుంటే సముద్రం ఊరుకోదు. అల రోజూ తీసుకుపోయేది తీసుకుపోతూనే ఉంటుంది, నది తెచ్చి పోసేది తగ్గుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లూ రోడ్లూ కోసుకుపోవడం అందరూ చూస్తున్నదే. తీరం ఒక తెరిచిన ఖాతా లాంటిది, జమ మన దగ్గర ఆగిపోతే ఖర్చు అక్కడ కనిపిస్తుంది. వానకాలం ముందు మా ఊరి గోదావరిలో బండలు తేలిన చోట్లు చూసినప్పుడల్లా నాకు అంతర్వేది ఒడ్డే కళ్లముందు కదులుతుంది.

తిరిగొచ్చేటప్పుడు వాడు హార్లిక్స్ సీసాలో కొంచెం అక్కడి ఇసుక పోసుకొచ్చాడు. అందులో సగం నాకిచ్చాడు. మనుమరాలికి నిన్న నా వంతు ఇసుక ఇచ్చి, ఒక సీసాలో మన గోదావరి ఇసుక తెమ్మన్నాను. పాత రేడియో స్పీకరు విప్పి అందులోని అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి దాని చేతికిచ్చాను. ముందు అంతర్వేది ఇసుకలో తిప్పింది. నల్లటి గింజలు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని పట్టుకున్నాయి. కవరు దులిపి, మంచిర్యాల ఇసుకలో తిప్పింది.

అవే గింజలు. కొంచెం పెద్దవి, కొంచెం మొరటువి. అంత దూరం దొర్లి అరగనివి.

"తాతా, ఇవి నడవక ముందు, అవి నడిచినంక" అంది.

ఆ మాట ఫోనులో దోస్తుకు చెప్పాను. ఈ మాఘంలో మనుమరాలిని కూడా వెంట తీసుకుపోదామన్నాడు.