రోడ్ సైకిల్ హ్యాండిల్ వంగి ఎందుకుంటుంది? మంచిది ఎంచుకోవడం ఎలా?

రోడ్ సైకిల్ హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లేమో సన్నగా ఉంటాయి. ఎందుకలా?

వేగంగా తొక్కేటప్పుడు మనల్ని అన్నిటికన్నా ఎక్కువగా అడ్డుకునేది గాలే. వేగం రెట్టింపయితే గాలి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. ముందుకు వంగితే గాలికి ఎదురయ్యే శరీర భాగం తగ్గుతుంది. అందుకే ఆ వంపు.

ఇక సన్నటి టైర్లలో గాలి గట్టిగా నింపొచ్చు. అప్పుడు నునుపైన రోడ్డుపై టైరు నేలకు తక్కువగా అణుగుతుంది. మన శక్తి అంతగా వృథా కాదు. అలాగని మరీ సన్నటివి వద్దు. టైరు పక్కన 700×28 అని కనిపిస్తే, 28 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. గతుకుల రోడ్లకు 28 నుంచి 32 నయం.

మరి ఎంచుకోవడం ఎలా?

ముందు సైజు. సైకిల్‌కు అటూ ఇటూ కాళ్లు వేసి, పాదాలు నేలకు ఆనించి నిలబడండి. పై గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తర్వాత సీటుపై కూర్చుని, కింద ఉన్న పెడల్‌పై మడమ పెట్టండి. కాలు పూర్తిగా నిటారుగా చాచుకుంటే సీటు ఎత్తు సరిపోయినట్టే.

వారాంతపు సవారీలకు ఖరీదైన కార్బన్ ఫ్రేమ్ అక్కర్లేదు, అల్యూమినియం చాలు. మీ దారిలో ఎత్తులుంటే వెనక ఎక్కువ పళ్లున్న చక్రం గల గేర్లు చూడండి. వానలో డిస్క్ బ్రేకులు బాగా పనిచేస్తాయి.

బడ్జెట్ మొత్తం సైకిల్‌కే పెట్టేయకండి. హెల్మెట్, పంపు, అదనపు ట్యూబుకూ కొంత ఉంచుకోండి. తొక్కి చూడకుండా మాత్రం ఏ సైకిలూ కొనొద్దు!