పేలుడును అణచు పొడి

బొగ్గుగనులలో మీథేను అను వాయువు వెలువడుచుండును. దానికి రంగు గాని వాసన గాని లేదు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసినచో ఒక్క నిప్పురవ్వకే పేలును. ఆ తాకిడికి దారులలోని బొగ్గుపొడి పైకెగసి, తానును అంటుకొని, మంటను గనియంతట వ్యాపింపజేయును. అసలు భయము దీనివలననే. 1906లో ఫ్రాన్సు దేశమున కూరియేర్ గనులలో బొగ్గుపొడి పేలుడు 1099 మందిని బలిగొనెను.

ఇంగ్లండులోని ఆల్టాఫ్ట్స్ గనిలో 1886లో పేలుడు జరిగినపుడు విలియం గార్ఫోర్త్ అను ఇంజనీరు ఒక వింతను గమనించెను. రాతిపొడి పేరుకొనియున్న దారులలో మంట ముందుకు సాగలేదు! 1908లో ఆయన అచ్చటనే పెద్ద ఇనుప గొట్టమునందు ప్రయోగములు జరిపి దీనిని నిరూపించెను. పేలుడు గాలియే ఆ పొడిని లేపును. మండని పొడి వేడిమిని పీల్చి మంటను చల్లార్చును. శత్రువు తన సంహారకుని తానే మోసికొనివచ్చినట్లన్నమాట. నేడు గనులలో సున్నపురాతి పొడిని చల్లుచున్నారు.

కర్మాగారములలో పేలుడు రాబోవుటను యంత్రమే కనిపెట్టి, కనురెప్పపాటులో వంటసోడా వంటి పొడిని చిమ్మును. నత్రజనిని నింపి ప్రాణవాయువును ముందే తగ్గించుట మరియొక ఉపాయము. కాని నత్రజనికిని వాసన లేదు. అది నిండిన తొట్టిలోనికి తెలియక దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును; అతనిని రక్షింప దిగినవాడును అట్లే కూలును.